ప్రెసిడెంటు కళ్ళు

ధర్మవరం,
12-6-1996.

చిరంజీవి రామప్పకు అన్న కుళ్లాయప్ప ఆశీస్సులు.

ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను బాగానే ఉన్నాం. అమ్మకు మోకాళ్ళు వంగడం లేదు, నోటికి మాత్రం ఏ నొప్పీ రాలేదు. ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు అంటావు. ఈ వీధిలో పన్నెండు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే ఫోన్లో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. రాస్తేనే మేలు.

సంగతేమంటే, బెంగుళూరు నుంచి సేటు ఒకాయన వచ్చాడు. చీర వద్దంట, పట్టుగుడ్డ మీద మనిషి ముఖం నేయాలంట.

"ఎవురిదప్పా ముఖం?" అని అడిగినాను.

"ప్రెసిడెంటుది."

"ఏ పంచాయతీ?"

సేటు పడీపడీ నవ్వాడు. పంచాయతీ కాదు, ఒక దేశమే అన్నాడు. సముద్రం నడుమ ఏదో దీవి. పేరు రెండుసార్లు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. అక్కడ ఇరవై అయిదేళ్ళుగా ఈయనే ప్రెసిడెంటంట. "అన్నేండ్లు ఎట్ల గెలుస్తాండాడప్పా?" అంటే, "ఆడ ఇంకొకరు నిలబడరు" అన్నాడు. పోలీసు కచేరీ నుంచి పోస్టాఫీసు దాకా ప్రతి చోటా గోడకు వేలాడదీయడానికి నలభై ముక్కలు కావాలి.

ఫోటో ఇందులో పెట్టాను. మెడ దాకా గుండీలు, మొహాన నల్లద్దాలు. నువ్వు గళ్ళ కాగితం మీద గ్రాఫు గీసి, దాని ప్రకారం చిల్లులు పెట్టి అట్టలు కొట్టి పంపు. నా మగ్గానికి చదువు చెప్పేది నీ అట్టలే కదా. ధర్మవరంలో పువ్వు నేసినవాళ్ళున్నారు, నెమలిని నేసినవాళ్ళున్నారు. మనిషిని నేసినవాడు నాకు తెలిసి లేడు. ఈ పని మన ఇంటి నుంచే పోవాలని నా ఆశ.

నీ అన్న,
కుళ్లాయప్ప.


హిందూపురం,
30-7-1996.

అన్నకు, అమ్మకు, వదినకు రామప్ప నమస్కారాలు.

పెనుకొండ బస్టాండులో నీ చేతికిచ్చిన అట్టలతో నువ్వు నేసిన మొదటి ముక్కను సేటు నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చాడు. పనికిరాదంట. నేత బాగుంది, గ్రాఫు బాగుంది, నల్లద్దాలు బాగా లేవంట. ఆ దేశం నుంచి కబురు వచ్చిందంట.

"దేశానికి నాయన మాదిరి ఆయప్ప. నాయన కండ్లు బిడ్డలకు కనపడాల గదా" అన్నాడు సేటు.

"సరే, అద్దాల్లేని ఫోటో ఇయ్యి."

"లేదు. ప్రెసిడెంటు అయినప్పటి నుంచి ఆయప్ప కండ్లు ఎవురూ జూడలేదు."

"మరి నేను ఎవురి కండ్లు పెట్టేది?"

"యావైతే ఏం? మంచివి చూసి పెట్టు."

ఇట్లాంటి ఆర్డరు నేను ఇంతవరకు వినలేదన్నా. వారం రోజులు బజారులో కూరగాయలు కొనడం మానేసి మనుషుల కళ్ళు చూస్తూ తిరిగాను. పట్టుగూళ్ళ మార్కెట్లో ఒకాయన "ఏమబ్బా, నేనేమన్నా బాకీ ఉండానా?" అని మీదికి వచ్చాడు. చివరికి ఎట్లో కుదిరింది. రెండువందల ముప్పై ఒకటో అట్ట నుంచి రెండువందల అరవై ఎనిమిది దాకా తీసేసి, ఈ కొత్తవి కుట్టుకో. మిగిలినవి అట్లే ఉండనీ.

నీ తమ్ముడు,
రామప్ప.


ధర్మవరం,
2-10-1996.

చిరంజీవి రామప్పకు,

గెలిచాం. సేటు గుడ్డను వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు. ఆ తరువాత "కండ్లు నవ్వుతాండాయే!" అన్నాడు. నిజమే. మూతి బిగించుకొని ఉంది, కళ్ళు నవ్వుతున్నాయి. ఎట్లా గీశావో నీకే తెలియాలి. ఇప్పటికి పదకొండు ముక్కలు దించాను.

ఒక తమాషా చెప్తాను. నేసేటప్పుడు గుడ్డ ముఖం కిందికి ఉంటుంది కదా, నాకు కనిపించేది వెనుక వైపు దారాలే. కొత్త అట్టలతో నేసిన మొదటి ముక్క కోసి చాప మీద పరిచినప్పుడు అమ్మ వచ్చి కూర్చుంది. కూర్చున్నది లేవలేదు.

"ఎవురురా ఈయప్ప? ఎరిగినోడి మాదిరి ఉండాడే."

"దీవి దేశం ప్రెసిడెంటమ్మా. నువ్వు యాడ ఎరుగుదువు?"

"ఏమో. నాకైతే ఎరుకే" అంది. ఇప్పుడు ఏ ముక్క దించినా తన ముందు పరచమంటుంది. కాసేపు చూసి, మడత పెట్టమంటుంది. వయసు మీద పడితే మనుషులు ఇట్లానే అవుతారేమో.

ఒక్కటే నా మనసులో ముల్లు. మూలన చిన్నగా "కుళ్లాయప్ప, ధర్మవరం" అని నేస్తానని సేటును బతిమాలుకున్నాను. "ప్రెసిడెంటు ముఖం పక్కన నీ పేరేందప్పా!" అని కసిరాడు. మగ్గం గుంతలో దిగి ముప్పై ఏళ్ళయింది రామప్పా. నా చీరలు ఎన్ని పెళ్ళిళ్ళలో కూర్చున్నాయో లెక్కలేదు. ఏ ఒక్కదాని మీదా నేనెవరో లేదు.

నీ అన్న,
కుళ్లాయప్ప.


హిందూపురం,
18-4-1999.

అన్నకు నమస్కారం.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. సాంవత్సరికానికి రెండు రోజుల ముందే వస్తాను. వంటవాళ్ళకు చెప్పి పెట్టు.

ఇంకో మాట. పేపరు లోపలి పేజీలో, వేరుశనగ ధరల కింద నాలుగు వరుసల వార్త చూశావా? మనం నేసిన ప్రెసిడెంటు దేశం విడిచి పారిపోయాడంట. జనం కచేరీల మీద పడ్డారంట. ఆయన కాలంలో కనపడకుండా పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారని రాశారు. ఆ నాలుగు వరుసలు నాలుగుసార్లు చదివాను.

నీ దగ్గర ఆ అట్టలింకా ఉంటే కాల్చేయి. కారణం అడగొద్దు.

నీ తమ్ముడు,
రామప్ప.


ధర్మవరం,
26-4-1999.

చిరంజీవి రామప్పకు,

వార్త నేనూ చదివాను. చేసినవాడికి తగిలింది, తగలనీ. అట్టలు ఏం పాపం చేశాయి? నేత పనివాడు అట్టలు కాల్చడు. నాయన తన అట్టలను వంటింట్లో ఇడ్లీ రేకుల పక్కన భద్రంగా దాచుకునేవాడు, మరిచిపోయావా? చివరి ముక్కలో పోగు తెగి చెంప మీద గీత పడింది, సేటు వద్దన్నాడు. అది కూడా పెట్టెలోనే ఉంది. నా బతుకులో అంతకంటే మంచి పని నేను చేయలేదు. నువ్వూ చేయలేదు.

వంటకు మన పోతులయ్యకే చెప్పాను.

నీ అన్న,
కుళ్లాయప్ప.


హిందూపురం,
5-2-2006.

అన్నకు నమస్కారం.

సంగీత కంప్యూటరు కోర్సులో చేరిందని రాశాను కదా. నిన్న నెట్ సెంటరు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాయనా, పెదనాయన నేసిన గుడ్డ కంప్యూటర్లో ఉండాది" అని. చిన్నప్పుడు నా గ్రాఫు కాగితం వెనుక బొమ్మలు వేసుకున్న పిల్ల, గుర్తుపట్టింది. నేను పోయి చూశాను. నిజం.

ఆ ప్రెసిడెంటు చచ్చిపోయి మూడేళ్ళయిందంట. అయినా ఆయన పేరు మీద ఒక పేజీ నడుస్తోంది, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి రాస్తున్నారు. ఆయన కాలంలో బస్సులు వేళకు వచ్చేవి, దొంగతనాలు లేవు, అట్లాంటి మొనగాడు మళ్ళీ రావాలి అని. రాసేవాళ్ళలో సగం మంది ఆయన పారిపోయేనాటికి బళ్ళో ఉన్న పిల్లకాయలేనని సంగీత చెప్పింది. తిట్టేవాళ్ళూ ఉన్నారు, తక్కువ. పేజీ నెత్తిన మన గుడ్డ ఫోటో. ఆయన కళ్ళు కనిపించే బొమ్మ ప్రపంచం మొత్తంలో అదొక్కటేనంట. కింద "ఫ్రాన్సులో నేసినది" అని ఉంది.

చూశాను, వచ్చేశాను. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ తమ్ముడు,
రామప్ప.


ధర్మవరం,
11-2-2006.

చిరంజీవి రామప్పకు,

ఫ్రాన్సా? ఎవడబ్బ సొమ్మని ఫ్రాన్సు? చదువుతూనే నాకు ఒళ్ళు మండింది. వెంటనే సంగీతతో రాయించు: ఇది ధర్మవరంలో, శాంతమ్మ బావి వీధిలో, లింగప్ప కొడుకు కుళ్లాయప్ప నేసింది, గ్రాఫు అతని తమ్ముడు రామప్పది అని. నమ్మకపోతే చెంప మీద గీత పడిన ముక్క నా దగ్గరుందని చెప్పు. నాకు కంటిచూపు తగ్గుతోంది. మగ్గం మీద ఇంకెన్నాళ్ళు కూర్చుంటానో తెలియదు. పోయేలోగా ఒక్కచోట నా పేరు ఉండాలి.

నీ అన్న,
కుళ్లాయప్ప.


ధర్మవరం,
20-4-2006.

చిరంజీవి రామప్పకు,

సంగీత రాసిన పుణ్యమా అని ఆ పేజీ నడిపే మనిషి నుంచి నాకే ఉత్తరం వచ్చింది. హైస్కూలు వెంకటేశ్వర్లు సారు చదివి చెప్పాడు. వచ్చే ఏడు ప్రెసిడెంటు పుట్టినరోజు పెద్దగా చేస్తారంట. అవే అట్టలతో, అవే కళ్ళతో మళ్ళీ నలభై ముక్కలు కావాలి. ఈసారి మూలన నా పేరు నేయమని వాళ్ళే అడుగుతున్నారు! వెంకటేశ్వర్లు సారు అది రెండుసార్లు చదివాడు. నేనే చదివించాను.

పెట్టె తెరిచి చూస్తే అట్టలను ఎలుకలు కొట్టేశాయి. ముఖం, మెడ బాగున్నాయి. సరిగ్గా కళ్ళ దగ్గరే పద్నాలుగు అట్టలు పోయాయి. పాత గ్రాఫు నీ దగ్గర ఉంటుంది. ఈ వారంలోనే కొట్టి పంపు, పెనుకొండకు వచ్చి తీసుకుంటాను.

నీ అన్న,
కుళ్లాయప్ప.


హిందూపురం,
29-4-2006.

అన్నకు,

ఆ పద్నాలుగు అట్టలు నేను కొట్టను. పదేళ్ళు దాచిన మాట ఇప్పుడు చెప్పక తప్పదు.

ఆ కళ్ళు నాయనవి.

బాబయ్య దర్గా ఉరుసుకు పోయినప్పుడు పెనుకొండలో తీయించుకున్న ఫోటో ఒకటి నీ ఇంట్లో ద్వారం మీద ఉంది, దాని జత నా గ్రాఫుల పెట్టెలో ఉంది. సేటు "మంచి కండ్లు పెట్టు" అన్నప్పుడు ఊరంతా వెతికినా నాకు అంతకంటే మంచివి దొరకలేదు. ఫోటో ముందు పెట్టుకొని గడి గడీ లెక్కపెట్టి గీశాను. గర్వపడ్డాను కూడా. అనంతపురం జిల్లా దాటి ఎరుగని మన నాయన సముద్రాలు దాటిపోతున్నాడు అనుకున్నాను. అమ్మ గుర్తుపట్టిందని నువ్వు రాసిన రోజు ఆమెకైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ తింటోంది.

ఆ పేజీలో వాళ్ళు ఏం రాస్తున్నారో నీకు పూర్తిగా చెప్పలేదు. "ఈ కళ్ళు చూడండి. మనుషులను మాయం చేసిన కళ్ళా ఇవి?" అని ఒకడు రాస్తాడు. వంద మంది అవునవునంటారు. ఆ దుర్మార్గుడు మంచివాడని సాక్ష్యం చెబుతున్నది మన నాయనన్నా.

ఇనెస్ అనే ఒకామె రాసింది కూడా విను. సంగీత తెలుగులో చెప్పింది, ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను. "1997లో బడిపంతులైన మా నాన్నను ఇంటి నుంచి తీసుకుపోయారు. రెండేళ్ళు ప్రతి సోమవారం పోలీసు కచేరీకి పోయి అడిగాను. నన్ను ఆ పట్టుగుడ్డ కింద బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఆ కళ్ళు నన్ను చూసి నవ్వుతుండేవి. మా నాన్న ఎక్కడున్నాడో తెలిసే నవ్వుతున్నాడు అనుకునేదాన్ని. ఇప్పుడు కూడా ఆ కళ్ళు కలలో వస్తే లేచి కూర్చుంటాను."

నాయన ఎవరి కలలోనో దయ్యమై తిరుగుతున్నాడు. నా చేతుల మీదుగా. మళ్ళీ నలభై చోట్లకు పంపమని నన్ను అడగొద్దు.

రామప్ప.


ధర్మవరం,
4-5-2006.

రామప్పకు,

అడగకుండా నాయన కళ్ళు తీసి ఊరుగాని ఊరివాడికి పెట్టావు. నలభై సార్లు నా చేత నేయించావు. ఇప్పుడు నా పేరు వచ్చే వేళకు నీతులు చెబుతున్నావు. ఇంక నాకు రాయొద్దు.

కుళ్లాయప్ప.


పెనుకొండ,
16-7-2006.

రామప్పా,

బస్టాండులో కూర్చొని రాస్తున్నాను. రాయొద్దన్నవాడు రాస్తున్నాడేమని నవ్వుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజే ద్వారం మీది ఫోటో దించి, పెట్టెలోని గుడ్డ పక్కన పెట్టి చూశాను. ఒక్క చూపు చాలింది. నలభై సార్లు నేసినవాడికి తెలియలేదు, చాప మీద కూర్చున్న ముసలామెకు తెలిసింది. ఆమెకు నేను చెప్పిన జవాబు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. తన మొగుణ్ణే చూపించి "నువ్వు యాడ ఎరుగుదువు" అన్నాను.

రెండు నెలలు నీ మీద కోపం పెట్టుకొని తిరిగాను. మోసి మోసి చూస్తే ఆ కోపం నీ మీది కాదు. నువ్వు తెలియక గీశావు. ఆయన ఎట్లాంటివాడో పేపర్లో చదివి కూడా, పేరు మీద ఆశతో మళ్ళీ నేయడానికి సిద్ధపడింది నేను. ఆ పిల్ల బెంచీ మీద కూర్చున్న సంగతి చదివాక కూడా ఒక పూటంతా నేను పేరు గురించే ఆలోచించాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

ఫోటో తీసిన స్టూడియో ఉందేమో చూద్దామని వచ్చాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పక్క అంగడిలో నాయన ఫోటోకు పెద్ద కాపీ తీయించాను, ఇందులో పెట్టాను. సంగీతతో ఆ పేజీలో ఎక్కించు, గుడ్డ పక్కనే. కింద ఇట్లా రాయించు: "ఈ కళ్ళు మీ ప్రెసిడెంటువి కావు. ఆయన కళ్ళు ఎట్లుంటాయో నేసిన మాకు కూడా తెలియదు. ఇవి మా నాయన లింగప్పవి. ఆయన ధర్మవరంలో చీరలు నేసేవాడు. ఎవరినీ ఏమీ చేయలేదు. నేసినది కుళ్లాయప్ప."

నా పేరు ఉండాలన్నాను కదా. అక్కడ ఉండనీ.

నలభై ముక్కలు నేయనని వెంకటేశ్వర్లు సారు చేత రాయించి పంపేశాను. అట్టలు మాత్రం కాల్చలేదు. ఎలుకలు మొదలుపెట్టిన పని ఎలుకలే ముగించుకోనీ.

బస్సు వచ్చింది.

అన్న.


హిందూపురం,
21-8-2006.

అన్నకు నమస్కారం.

నీ చేతిరాత చూసి సంగీతను పిలిచి కవరు దానితోనే విప్పించాను. నాకు ధైర్యం చాలలేదు.

నువ్వు చెప్పినట్టే ఎక్కించాం. నిజం తెలిస్తే ఆ పేజీ మూతపడుతుందని నేను పిచ్చిగా అనుకున్నాను. మూతపడలేదు, జనం రెండింతలయ్యారు. మనకెవరో దుడ్లిచ్చి చెప్పిస్తున్నారని కొందరు, ఫోటోయే దొంగదని కొందరు. ఒకడైతే "ఎవరి కళ్ళైతేనేం, మా ప్రెసిడెంటు మనసు ఇట్లాంటిదే" అని రాశాడు. దానికీ వంద మంది అవునన్నారు. పేజీ నెత్తిన గుడ్డ అట్లే ఉంది. నాయన ఫోటోను మూడుసార్లు తీసేశారు, సంగీత నాలుగోసారి పెట్టింది. "నేనూ నేతోళ్ళ పిల్లనే నాయనా, పోగు తెగితే మళ్ళా అతుకుతా" అంటోంది.

ఇనెస్ కూడా చూసింది. నిన్న రాసింది. గుడ్డనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టుకొని చూసిందంట. తిట్టలేదు. ఒక్కటే అడిగింది: "ఆ ఫోటోలో మీ నాన్న దేన్ని చూసి నవ్వుతున్నాడు?"

నాకెట్లా తెలుస్తుంది? నేనప్పటికి అమ్మ చంకలో ఉన్నాను. నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు,
రామప్ప.


ధర్మవరం,
27-8-2006.

చిరంజీవి రామప్పకు,

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాకు బాగా గుర్తు.

స్టూడియోలో కుర్చీ వేసి నాయనను కూర్చోబెట్టారు. నాయన అంతకు ముందు ఫోటో దిగలేదు. కదలొద్దు, నవ్వొద్దు అని ఫోటో ఆయన గట్టిగా చెప్పి, డబ్బా వెనుక నల్లగుడ్డలో తల దూర్చాడు. నాయన కాసేపు బొమ్మలా కూర్చున్నాడు. చూపు ఆ నల్లగుడ్డ మీదికి పోయింది.

"ఏమప్పా, నేసేటోన్ని నేను ఈడ కూచోని ఉంటే, గుడ్డ నువ్వు కప్పుకుంటాండావే. యాడ నేసిరి దీన్ని? నేత ఏమంత బాగలేదు" అన్నాడు.

"గమ్మునుండు, ఫోటో చెడిపోతాది" అని అమ్మ కసిరింది. గుడ్డ లోపల ఫోటో ఆయన భుజాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకోలేక. అది చూసి నాయనకూ నవ్వొచ్చింది. అమ్మకు భయపడి మూతి బిగించాడు. మూతి ఆగింది, కళ్ళు ఆగలేదు. అప్పుడే డబ్బా టక్కుమంది.

అంతే, ఇంకేమీ లేదు. ఇదంతా సంగీతతో ఆ పిల్లకు రాయించు. నాయన ఎగతాళి ఇంగ్లీషులో సరిగ్గా రాకపోయినా పరవాలేదు. ఆమె ఆ బెంచీ మీద రెండేళ్ళు కూర్చుంది కాబట్టి, చివర నా మాటగా ఇది మాత్రం తప్పకుండా పెట్టించు.

మా నాయన నిన్ను చూసి నవ్వలేదు తల్లీ.

నీ అన్న,
కుళ్లాయప్ప.